సిగ్నల్ ఆఖరి కొండ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

పాడేరు ఏజెన్సీలో ఉద్యోగం చేసిన రోజుల్లో మా గూడేనికి ఒక ఫోన్ బండ ఉండేది. ఊరి నుంచి కిలోమీటరు పైనే నడవాలి. ఘాట్ రోడ్డు మలుపు దగ్గర ఏటవాలుగా ఉన్న పెద్ద రాయి అది. దాని మీదికెక్కి మైదానం వైపు తిరిగి నిలబడితే రెండు గీతలు వచ్చేవి. వలస వెళ్లిన కొడుకుతో మాట్లాడాలన్నా, సంతలో పసుపు ధర కనుక్కోవాలన్నా అక్కడికే వెళ్లాలి. రాత్రిపూట ఎవరికైనా పురిటి నొప్పులు మొదలైతే ఇంట్లో ఒకరు డోలీ కడుతుంటే ఇంకొకరు టార్చిలైటు పట్టుకుని బండ దగ్గరికి పరుగెత్తేవాళ్లు, 108కి ఫోన్ చెయ్యడానికి.

కొన్నాళ్లకు ఊళ్లో టవర్ వేశారు. ఆ రోజు అందరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. కానీ మొదటి వానాకాలంలోనే అది ఆరిపోయింది. ఒకసారి తొమ్మిది రోజులు అలాగే ఉంది. మళ్లీ అందరూ గొడుగులు వేసుకుని బండ దగ్గరికే నడిచారు. ఆ తొమ్మిది రోజులూ ప్రభుత్వ లెక్కల్లో మా ఊరు సిగ్నల్ ఉన్న ఊరే.

టవర్ నిలబెట్టడం ఒక పని, దాన్ని ఏళ్ల తరబడి బతికించుకోవడం మరో పని. మొదటిదానికి టెండర్లు, బడ్జెట్, ప్రారంభోత్సవం అన్నీ ఉన్నాయి. రెండోదాని ఖర్చు ఎవరిదన్న దగ్గరే పల్లెల్లో సిగ్నల్ కథ చిక్కుపడుతుంది. మన దేశంలోనే కాదు, ఆఫ్రికాలోనూ లాటిన్ అమెరికాలోనూ అంతే.

ముందు ఈ సమస్య ఎంత పెద్దదో చూద్దాం. ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అసలు అందని చోట్ల ఉన్నవాళ్లు దాదాపు 35 కోట్ల మంది. ప్రపంచ జనాభాలో 4 శాతం. వాళ్లలో ఎక్కువమంది పేద దేశాల్లో, జనం పలచగా ఉండే ప్రాంతాల్లో బతుకుతున్నారు. సిగ్నల్ ఉన్నచోటే ఉంటూ ఇంటర్నెట్ వాడనివాళ్లు మాత్రం 310 కోట్ల మంది. ఈ రెండో లెక్క దగ్గరికి చివర్లో వస్తాను. మన దేశం సంగతికొస్తే, మొత్తం 6,44,131 గ్రామాల్లో సుమారు 6,23,000 గ్రామాలకు మొబైల్ కవరేజీ ఉందని 2024లో కేంద్రం చెప్పింది. నూటికి 97. వినడానికి పని దాదాపు అయిపోయినట్టే ఉంటుంది. కానీ మిగిలిపోయినవి ఏ జిల్లాల్లో ఉన్నాయో చూస్తే కొండలు, అడవులు, సరిహద్దులే కనిపిస్తాయి. అందులోనూ 'గ్రామం' అంటే ఏమిటన్న ప్రశ్న ఉంది. దానికీ వస్తాను.

తరంగానికి కొండ అడ్డం

ఫోన్ నుంచి టవర్‌కి మాట వెళ్లేది రేడియో తరంగం మీద. ఆ తరంగం ఎంత దూరం పోతుందన్నది దాని ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఫ్రీక్వెన్సీలను బ్యాండ్లు అనే పట్టీలుగా విడదీస్తారు. 700, 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లు దూరం పోతాయి, చెట్లనీ గోడలనీ కొంతవరకు తట్టుకుంటాయి, కొండ అంచు దగ్గర కాస్త వంగుతాయి కూడా. 1800, 2300 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లు ఎక్కువ డేటాను మోయగలవు కానీ త్వరగా నీరసపడతాయి. పట్నంలో వందల మంది ఒకే వీధిలో వీడియోలు చూస్తారు కాబట్టి అక్కడ పై బ్యాండ్ కావాలి. గూడెంలో జనం తక్కువ, దూరం ఎక్కువ. అక్కడ కావలసింది కింది బ్యాండ్.

ఇక్కడ మన దేశంలో జరిగిన ఒక నష్టం గురించి చెప్పుకోవాలి. పల్లెలకు బాగా పనికొచ్చే 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ప్రభుత్వం 2016లో మొదటిసారి వేలానికి పెట్టింది. దేశమంతటికీ కలిపి ఒక్కో మెగాహెర్ట్జ్‌కి కనీస ధర 11,485 కోట్ల రూపాయలు. ఒక్కరూ కొనలేదు. 2021లో ధర తగ్గించి మళ్లీ పెట్టారు, అప్పుడూ ఎవరూ ముందుకు రాలేదు. 2022లో ఇంకా తగ్గించి 3,927 కోట్లకు తెచ్చాక జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ కొన్నది. ఆ తర్వాత ప్రభుత్వం బీఎస్ఎన్ఎల్‌కి కూడా ఈ బ్యాండ్ కేటాయించింది. అంటే ఆరేళ్లపాటు ఆ తరంగాలు ఎవరికీ అక్కరకు రాకుండా గాలిలో ఖాళీగా ఉన్నాయి. స్పెక్ట్రమ్, అంటే ఈ తరంగాల పట్టీలు, ఖజానా నింపే వనరు అన్న దృష్టితో ధర పెట్టారు. ఆ ఆరేళ్లలో కొండ ఊళ్లు పోగొట్టుకున్నదాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఏజెన్సీలో ఉన్నవాళ్లకు తెలిసిన ఇంకో వింత ఉంది. ఫోన్‌లో గీతలు కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. కలిసినా అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్లకు వినపడదు. దీనికి కారణం తేలికే. టవర్ 20 నుంచి 40 వాట్ల శక్తితో గట్టిగా అరుస్తుంది. మన 4జీ ఫోన్ మాత్రం వాట్‌లో ఐదో వంతుతో గుసగుసలాడుతుంది. టవర్ కేక మన దాకా వస్తుంది కాబట్టి గీతలు పడతాయి. మన గుసగుస టవర్ దాకా పోదు. పాత జీఎస్ఎం (2జీ) పద్ధతిలో ఒక టవర్ 35 కిలోమీటర్ల దాకా పనిచెయ్యగలదని పుస్తకాల్లో ఉంటుంది. అది సముద్రం మీదో, చదునైన నేల మీదో సరే. మధ్యలో ఒక్క కొండ ఉంటే ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న గూడెం కూడా నీడలో పడుతుంది. మ్యాపు మీద టవర్ చుట్టూ గీసిన రంగు వలయానికి ఈ నీడల సంగతి సరిగా తెలియదు.

టవర్ వెనక ఉన్న దారి

టవర్ అంటే ఇనుప కంబం, దాని మీద యాంటెన్నాలు అనుకుంటాం. నిజానికి అది పెద్ద నెట్‌వర్క్‌కి చివరి కొస మాత్రమే. మన మాట టవర్ నుంచి వెనక్కి, మైదానంలో ఉన్న ఎక్స్ఛేంజీ దాకా చేరాలి. ఈ వెనక దారిని టెలికాం వాళ్లు బ్యాక్‌హాల్ అంటారు. ఏజెన్సీలో టవర్ పనిచెయ్యకపోతే సగంసార్లు కంబం బాగానే ఉంటుంది, దారి తెగి ఉంటుంది.

ఆ దారి మూడు రకాలు. ఫైబర్ అన్నిటికన్నా మంచిది. కానీ ఘాట్ రోడ్డు వెంట తవ్వాలి, అడవిలో పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఇంత కష్టపడి వేశాక రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ ఒక్క ఊపులో తెంపేస్తుంది. రెండోది మైక్రోవేవ్: ఒక టవర్ మీది పళ్లెం ఇంకో టవర్ మీది పళ్లేన్ని నేరుగా చూడాలి. కొండ మీద నుంచి కొండ మీదికి గెంతుతూ పోతుంది. జోరు వానలో బలహీనపడుతుంది. మూడోది శాటిలైట్. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం దాకా మాట వెళ్లి రావాలి. మనం ప్రశ్న అడిగి జవాబు వినేలోపు అర సెకనుకు పైనే పోతుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. పైగా ఆ బ్యాండ్‌విడ్త్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఊరంతటికీ కలిపి చాలా కొద్దిగా ఇస్తారు. పది మంది ఒకేసారి వీడియో తెరిస్తే పదకొండోవాడికి కాల్ కూడా కలవదు.

మైక్రోవేవ్ గొలుసులో ఒక ప్రమాదం ఉంది. కొండ మీద ఉన్న ఒక టవర్ వెనక నాలుగైదు టవర్లు ఆనుకుని ఉంటాయి. ముందుదానికి కరెంటు పోతే వెనకవన్నీ ఆరిపోతాయి. వెనక ఊరివాళ్లు తమ టవర్ దగ్గరికి వెళ్లి చూస్తే దానికి లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎవరిని అడగాలో కూడా వాళ్లకు తెలియదు.

కరెంటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. గాలివానకు చెట్టు పడితే లైను బాగవడానికి రోజులు పడుతుంది. టవర్ బ్యాటరీలు కొన్ని గంటలే ఆగుతాయి. తర్వాత డీజిల్ జనరేటర్. ఆ డీజిల్‌ని జీపులో ఘాట్ ఎక్కించాలి, రోడ్డు లేనిచోట మనిషి మొయ్యాలి, దారిలో దొంగతనం కాకుండా చూడాలి. సోలార్ పలకలు పెడితే డీజిల్ బాధ తప్పుతుంది. కానీ జూలై, ఆగస్టుల్లో మా కొండల్లో వారాల తరబడి సూర్యుడు కనపడడు. రెండు రోజుల మబ్బుకు సరిపడా బ్యాటరీ పెట్టి మైదానపు లెక్కతో డిజైన్ చేస్తే మూడో రోజు టవర్ ఆగిపోతుంది.

డబ్బు లెక్క

ఇప్పుడు అసలు చిక్కు. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 4జీ శాచురేషన్ అనే పథకానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడం, 2జీ, 3జీలతో సరిపెట్టుకుంటున్న మరో 6,279 గ్రామాలను 4జీకి మార్చడం దాని లక్ష్యం. ఈ మొత్తంలో టవర్ వేసే ఖర్చుతోపాటు ఐదేళ్లు నడిపే ఖర్చు కూడా ఉంది. పని అప్పగించింది బీఎస్ఎన్ఎల్‌కి. భాగించి చూస్తే ఊరికి సగటున 85 లక్షలు.

ఇంకో వైపు ఆదాయం చూడండి. 150 మంది ఫోన్లు వాడే ఊరు అనుకుందాం. ఒక్కొక్కరు ఏ నెలా తప్పకుండా 200 రూపాయల రీచార్జి చేయించారనే అనుకుందాం. నెలకు 30,000. ఐదేళ్లకు 18 లక్షలు. ఇది నేను ఉదాహరణకు వేసిన లెక్కే, కానీ ఏజెన్సీలో ఏ చిన్న ఊరికైనా దగ్గరగానే ఉంటుంది. 85 లక్షల ఖర్చుకు 18 లక్షల రాబడి. కంపెనీలకు మనసు లేదని తిట్టుకుంటే ఈ తేడా పూడదు. ఏ కంపెనీ అయినా ముందు ఆదాయం వచ్చే ఊరికే వెళ్తుంది. వెళ్లమని గట్టిగా చెప్పాల్సింది లైసెన్సు ఇచ్చినవాళ్లు. 2000ల మొదట్లో మన దేశంలో ఇచ్చిన మొబైల్ లైసెన్సుల్లో ఏముందో తెలుసా? మూడేళ్లలో సగం జిల్లా కేంద్రాలను లేదా వాటికి బదులు పట్టణాలను కవర్ చెయ్యాలి, ఆపై విస్తరణ కంపెనీ ఇష్టం, గ్రామీణ ప్రాంతాలను తప్పనిసరిగా కవర్ చెయ్యాలన్న నిబంధన లేదు అని. పల్లె సంగతి వదిలేస్తున్నామని కాగితం మీదే రాసి ఇచ్చారు.

ఆదాయంలో ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎక్కడా పెద్దగా మాట్లాడరు. పల్లెవాళ్లు కాల్ చెయ్యడం కన్నా అందుకోవడం ఎక్కువ. మిస్డ్ కాల్ ఇస్తారు, పట్నంలో ఉన్నవాళ్లు తిరిగి చేస్తారు. మన దేశంలో అప్పట్లో కాల్ చేసినవాడి కంపెనీ, కాల్ అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి కొంత కట్టాలి. అది 2017 అక్టోబరు దాకా 14 పైసలు, ఆ తర్వాత 6 పైసలు. 2021 జనవరి 1 నుంచి సున్నా. ఆ పైసలు ఉన్నన్నాళ్లూ, కాల్స్ అందుకునే ఊరు కూడా దాని టవర్‌కి ఎంతో కొంత సంపాదించి పెట్టేది. సున్నా అయ్యాక ఆ ఊరి విలువ దాని రీచార్జి అంతే. ఇన్‌కమింగ్ కొనసాగాలన్నా కనీస రీచార్జి చేయించాలన్న పద్ధతి 2018 చివరి నుంచే మొదలైంది. పట్నంలో చార్జీలు తగ్గాయని అందరం సంతోషించాం. అందులో నేనూ ఉన్నాను. కొండ మీద టవర్ లెక్క అప్పుడు ఇంకాస్త తలకిందులైందని అప్పట్లో నాకు తోచలేదు.

సబ్సిడీ ఎలా ఇస్తే టవర్ బతుకుతుంది

రాబడి లేనిచోట ప్రజల డబ్బు పెట్టాల్సిందే. ఇందుకోసం మన దేశంలో 2002 నుంచి ఒక నిధి ఉంది. మొదట దాని పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023 టెలికాం చట్టంతో దాన్ని డిజిటల్ భారత్ నిధిగా మార్చారు. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం ఇందులోకి వెళ్తుంది. అంటే మీరు చేయించే ప్రతి రీచార్జిలోనూ సిగ్నల్ లేని ఊరికి కొంత వాటా ఉంది. నిధికి డబ్బు కొరత ఎన్నడూ లేదు. వసూలైన దాంట్లో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయింది. బండ ఎక్కి ఫోన్ మాట్లాడే ఊళ్లు ఒకవైపు, వాటి కోసమే వసూలు చేసి వాడకుండా ఉంచిన డబ్బు మరోవైపు.

ఖర్చు పెట్టడంలో కూడా పద్ధతులు ఉంటాయి. 1990లలో చిలీ ఒక మంచి దారి చూపించింది. అప్పటికి అక్కడ పల్లెలకు కావలసింది పబ్లిక్ టెలిఫోన్. ప్రభుత్వం 'ఈ ప్రాంతంలో ఫోన్లు పెట్టి నడపడానికి ఎంత సబ్సిడీ కావాలో చెప్పండి' అని వేలం పెట్టింది. తక్కువ అడిగినవాళ్లకు పని. వేల ఊళ్లకు ఆ విధంగా ఫోన్లు వచ్చాయి. కొన్ని ప్రాంతాలకు సున్నా సబ్సిడీకే కంపెనీలు ఒప్పుకున్నాయి. నిజంగా నష్టం వచ్చే ఊరు ఏదో, నష్టమని చెప్పుకునే ఊరు ఏదో వేలంలో తేలిపోయింది.

అయితే వేలం ఒక్కటీ చాలదు. డబ్బు ఎప్పుడు చెల్లిస్తామన్నది కూడా ముఖ్యం. టవర్ కట్టగానే ఎక్కువ భాగం ఇచ్చేస్తే కంపెనీకి టవర్ కట్టాలన్న ఆత్రమే ఉంటుంది. అది పనిచేసిన గంటలను బట్టి ప్రతి మూడు నెలలకూ ఇస్తే డీజిల్ డబ్బా, విడి బ్యాటరీ, కింద మండల కేంద్రంలో ఒక టెక్నీషియన్, వీటన్నిటి మీదా శ్రద్ధ వస్తుంది. ఒప్పందాల్లో టవర్ ఎంత శాతం సమయం పనిచెయ్యాలన్న షరతులు ఉంటూనే ఉన్నాయి. కానీ ఆ లెక్క కంపెనీకీ ఆఫీసుకీ మధ్యే ఉంటుంది. మా ఊరి తొమ్మిది రోజుల సంగతి ఎవరైనా రాసుకున్నారో లేదో మాకు తెలిసే దారి లేదు. ఏ టవర్ ఏ నెలలో ఎన్ని గంటలు ఆగిపోయిందో గ్రామ సచివాలయం గోడ మీద అంటిస్తే ఖర్చేమీ కాదు. నా దృష్టిలో సబ్సిడీ ఎంతన్నదానికన్నా ముందు తేలాల్సింది ఇదే.

మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల టవర్ల అనుభవం ఇక్కడ గుర్తొస్తుంది. 2014లో ఆమోదించిన మొదటి దశలో పది రాష్ట్రాల్లో 2,343 టవర్లు వేశారు. అవన్నీ 2జీ. స్థలాలు ఎంపిక చేసింది హోంశాఖ. భద్రత ముఖ్యం కాబట్టి అది అర్థం చేసుకోదగ్గదే. కానీ పోలీసు క్యాంపుకి అనువైన చోటు, గూడేనికి అనువైన చోటు ఒకటే కానక్కర్లేదు. ఆ టవర్లను 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో మంత్రివర్గం ఒప్పుకుంది. ప్రపంచం 4జీలో ఉన్న ఆ మధ్య ఏళ్లన్నీ ఆ ఊళ్లు మాటలతోనే సరిపెట్టుకున్నాయి. ఆ ఏళ్లలోనే కరోనా వచ్చింది, బడులు ఆన్‌లైన్‌కి వెళ్లాయి.

వేరే దేశాలవాళ్లు ఏం చేశారు

మెక్సికోలో ఒహాకా రాష్ట్రపు కొండల్లో తలెయా దె కాస్ట్రో అనే ఊరుంది. పెద్ద కంపెనీలు అక్కడికి రాలేదు. 2013లో ఊరివాళ్లు రిజోమాటికా అనే సంస్థ సాయంతో చిన్న పరికరం, ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని సొంతంగా మొబైల్ నెట్‌వర్క్ నడుపుకున్నారు. నెలకు కొద్దిపాటి చందా. ఊరి సభే యజమాని. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. 2016లో ఆ దేశ టెలికాం నియంత్రణ సంస్థ ఆదివాసీ సమూహాల సంఘానికి స్పెక్ట్రమ్ వాడుకునే లైసెన్సు ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన చట్టంలో లాభం కోసం కాకుండా సమాజం కోసం స్పెక్ట్రమ్ ఇచ్చే వీలు పెట్టబట్టే అది సాధ్యమైంది. పరికరం బాగు చేసేవాడు ఆ ఊరివాడే కాబట్టి టవర్ ఆగితే తొమ్మిది రోజులు ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఇలాంటి నెట్‌వర్క్ దేశమంతా నడుస్తుందని నేను అనను. అది పుట్టిన ఊళ్లలో ఊరి సభకు బలముంది, ఊరి పనికి అందరూ శ్రమదానం చేసే అలవాటుంది. పోడు భూమికి కలిసి దుక్కి దున్నుకునే మన గూడేల్లో కూడా అది లేకపోలేదు. మన దగ్గర లేనిది వాళ్ల చేతికి స్పెక్ట్రమ్ ఇచ్చే దారి.

ఆఫ్రికాలో వేరే పద్ధతి కనిపిస్తుంది. ఆఫ్రికా మొబైల్ నెట్‌వర్క్స్ లాంటి కంపెనీలు చిన్న కంబం, సోలార్ పలకలు, శాటిలైట్ లింకు, తక్కువ కరెంటు తినే పరికరాలు పెట్టి ఊరికి సిగ్నల్ ఇస్తాయి. స్పెక్ట్రమ్, కస్టమర్లు మాత్రం పెద్ద ఆపరేటర్‌వే. వచ్చిన ఆదాయంలో వాటా పంచుకుంటారు. టవర్ పనిచేస్తేనే వాళ్లకు డబ్బు కాబట్టి దాన్ని బతికించుకోవడం వాళ్ల అవసరం. పెరూ 2013లోనే ఇలాంటి గ్రామీణ ఆపరేటర్లకు చట్టంలో చోటు కల్పించింది.

ఆకాశం నుంచి నేరుగా సిగ్నల్ పంపాలన్న ఆశ ఎప్పటినుంచో ఉంది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ బెలూన్లతో లూన్ అనే ప్రాజెక్టు నడిపింది. 2020 జూలైలో కెన్యాలో టెల్కామ్ కెన్యాతో కలిసి సేవ మొదలుపెట్టారు. 2021 జనవరిలో మూసేస్తున్నామని చెప్పారు. ఖర్చు తగ్గించుకోలేకపోయారు. ఇప్పుడు మామూలు ఫోన్‌కే ఉపగ్రహం నుంచి సిగ్నల్ ఇచ్చే సేవలు కొన్ని దేశాల్లో మొదలయ్యాయి. ఇప్పటికి అవి ఎక్కువగా మెసేజీలకు, ఆరుబయట వాడుకోవడానికి పనికొస్తున్నాయి. డోలీ మోసుకుపోయే దారిలో ఒక మెసేజీ వెళ్లినా గొప్పే, కాదనను. కానీ ఇంట్లో కూర్చుని పిల్లలు చదువుకునే ఇంటర్నెట్‌కి ఇంకా టవరే దిక్కు.

ఊరంటే ఏది?

కవరేజీ లెక్కలు రెవెన్యూ గ్రామం ప్రకారం వేస్తారు. మైదానంలో గ్రామం అంటే ఇళ్లన్నీ ఒకచోట. ఏజెన్సీలో ఒక రెవెన్యూ గ్రామం కింద ఆరేడు గూడేలు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో కొండ వాలున. ఒక గూడెంలో సిగ్నల్ వస్తే గ్రామం మొత్తానికి వచ్చినట్టే. నల్లమలలో చెంచు పెంటలు అయితే కొన్ని ఇళ్ల గుంపులే. 97 శాతం అన్న అంకె నాకు నమ్మకం కలిగించకపోవడానికి కారణం ఇదే.

ఈ మధ్య లెక్క వేసే పద్ధతి కొంత మారుతోంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం బాగా వెనకబడిన ఆదివాసీ తెగల ఆవాసాలను విడివిడిగా లెక్కలోకి తీసుకుంటుంది, అందులో మొబైల్ టవర్లు కూడా ఒక భాగం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో ఒకేసారి 300 టవర్లు ప్రారంభించారు, వాటిలో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. ఆ జిల్లాలో తిరిగినవాళ్లకు తేడా తెలుస్తుంది.

ఇంకో మార్పు నాకు చాలా నచ్చింది. ఇన్నాళ్లూ ఒక ఊళ్లో ఒక కంపెనీ టవర్ ఉంటే వేరే సిమ్ ఉన్నవాళ్లకు అది ఉన్నా లేనట్టే. ఊరివాళ్లంతా టవర్‌ని బట్టి సిమ్ మార్చుకునేవాళ్లు, సంతకు వెళ్తే అక్కడ ఇంకో సిమ్. 2025 జనవరిలో కేంద్రం ప్రజల నిధితో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఖాతాదారులు ఎవరైనా వాడుకునేలా ఏర్పాటు మొదలుపెట్టింది. దాదాపు 27,000 టవర్లు, 35,000కు పైగా గ్రామాలు దీని కిందికి వస్తాయని చెప్పారు. మన అందరి డబ్బుతో కట్టిన టవర్ అందరికీ పనికిరావాలన్న చిన్న న్యాయం అమలులోకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. మీది అలాంటి ఊరైతే ఫోన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. పాతకాలపు అలవాటుతో చాలామంది చేత్తో ఒకే నెట్‌వర్క్‌ని పట్టి ఉంచుతారు, అప్పుడు పక్క టవర్ దొరకదు.

సిగ్నల్ ఉన్నా వాడనివాళ్లు

మొదట్లో చెప్పిన 310 కోట్ల మంది లెక్కకు వస్తాను. టవర్ ఉంది, కరెంటు ఉంది, సిగ్నల్ ఉంది. అయినా ఫోన్ లేదు, లేదా ఫోన్ ఉన్నా ఇంటర్నెట్ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉందని చెప్పిన మహిళలు దేశం మొత్తం మీద 54 శాతం. తెలంగాణలో 60, ఆంధ్రప్రదేశ్‌లో 48.9. ఊళ్లు, పట్టణాలు కలిపి చూసినా ఆంధ్రలో సగంకన్నా తక్కువ. ఇంట్లో ఒక ఫోన్ ఉంటుంది, అది మగవాళ్ల జేబులో పొలానికో కూలికో వెళ్లిపోతుంది. పురిటి నొప్పులు పగలు వస్తే ఫోన్ ఇంట్లో ఉండదు.

1997లో బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ ఫోన్ దీనికి ఒక జవాబు చూపించింది. ఊళ్లో ఒక మహిళకు అప్పు మీద ఫోన్ ఇచ్చి, ఆమె నిమిషాలు అమ్ముకుని బతికేలా చేశారు. ఫోన్లు చవకయ్యాక ఆ వ్యాపారం తగ్గిపోయింది. కానీ ఊరి ఫోన్ ఒక ఆడమనిషి చేతిలో ఉండడం ఊరి పద్ధతినే కొంత మార్చింది. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా మామూలు బటన్ ఫోన్ మీదే డబ్బు పంపే వీలు కల్పించింది. స్మార్ట్‌ఫోన్ కొనే దాకా ఆగమనలేదు. మన కేరళలో 1997-2001 మధ్య ఫోన్లు వచ్చాక జాలర్లు సముద్రం మీద నుంచే ఏ రేవులో ధర బాగుందో కనుక్కున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. ఇదంతా మాటతోనే, ఇంటర్నెట్ లేకుండా.

అందుకే మాట ధర ముఖ్యం. మాటలకు మాత్రమే ఫోన్ వాడే ముసలివాళ్లు అక్కర్లేని డేటాకు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. మాటలు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్ ఒకటైనా ప్రతి కంపెనీ అమ్మాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. ఇలాంటి ప్లాన్ ఉందని ఊరి రీచార్జి కొట్టువాడికి తెలిస్తేనే అది ఊరికి చేరినట్టు.

ఇంకో వైపు ప్రభుత్వ పనులన్నీ ఫోన్ మీదికి ఎక్కుతున్నాయి. ఉపాధి హామీ పనిలో హాజరు ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో పెట్టాలని 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే కూలి రాదన్న టెన్షన్‌తో, కూలీల పని చూసే మేట్లు ఫోన్ చేత్తో పైకెత్తి కొండ వాలు మీద అటూ ఇటూ తిరగడం నేను చూశాను. రేషన్‌కి వేలిముద్ర, పింఛనుకి వేలిముద్ర, అన్నిటికీ సిగ్నల్ కావాలి. సేవను ఫోన్ మీదికి మార్చే ముందు ఆ ఊళ్లో సిగ్నల్ ఏడాది పొడవునా నిలుస్తుందో లేదో చూడాలి. ఆగిపోయిన రోజున కాగితం మీద రాసుకుని పని నడిపించే హక్కు ఆ మేట్‌కి, ఆ రేషన్ డీలర్‌కి ముందే ఇచ్చి ఉండాలి. టవర్ ఆరిపోయిన రోజున ఒక ముసలామె పింఛను కోసం రెండు మైళ్లు నడిచి వచ్చి ఉత్తచేతులతో తిరిగి వెళ్తే ఆ రోజు కూలి, ఆ రోజు నడక ఏ కంపెనీ నష్టంలోనూ లేవు, ఏ శాఖ ఖర్చులోనూ లేవు.